కిందినుంచి ఎక్కినవాళ్ళు

కొందరి ఇళ్ళల్లో అన్నాలవేళ క్రికెట్ గురించి మాట్లాడుకుంటారు, కొందరి ఇళ్ళల్లో చుట్టాల గురించి. మా ఇంట్లో పోలీసు అధికార్ల పూర్వచరిత్రలు నడిచేవి. మా ఆయన ముంబై పక్కన మగ్గాల ఊరు భివండీలో పోలీసు. చేరింది కానిస్టేబుల్‌గా. స్టేషన్‌కి కొత్త సాహెబ్ వచ్చాడంటే చాలు, ఆ రోజు ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే మొదలుపెట్టేవాడు. ఏ ఊరివాడు, తండ్రి ఏం చేసేవాడు, ఏ పరీక్ష రాసి వచ్చాడు, ఏయే జిల్లాలు తిరిగాడు, ఎక్కడ పేరు తెచ్చుకున్నాడు, ఎక్కడ చేతులు కాల్చుకున్నాడు. ఒక సాహెబ్ మునుపు కాలేజీలో లెక్కలు చెప్పేవాడట. దొంగను నిలబెట్టి అడిగేటప్పుడు కూడా చేతిలో సుద్దముక్క ఉన్నట్టే వేళ్ళు ఆడించేవాడట. ఇంకొకాయన పశువుల డాక్టరు. "బర్రెలను చూసిన చెయ్యి. గందుకే మమ్ములను గూడ గట్లనే అదిలిస్తడు" అని మా ఆయన పడీపడీ నవ్వేవాడు. "వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు ఎరుకైనంత మంచిగ మనింట్ల ఉప్పు ఒడిసిన సంగతి ఎరుక లేదు నీకు" అనేదాన్ని నేను పప్పు వడ్డిస్తూ.

ఆయన లెక్కలో అధికార్లు రెండే రకాలు. పైనుంచి దిగినవాళ్ళు, కిందినుంచి ఎక్కినవాళ్ళు. పెద్ద పరీక్ష పాసై నేరుగా కుర్చీలో కూర్చున్నవాళ్ళు మొదటి రకం. కానిస్టేబుల్‌గా చేరి, బందోబస్తుల్లో ఎండకు ఎండి, డిపార్ట్‌మెంట్ పరీక్ష రాసి భుజం మీద నక్షత్రాలు పెట్టుకున్నవాళ్ళు రెండో రకం. మొదటి రకం గురించి గౌరవంగానే చెప్పేవాడు. రెండో రకం దగ్గరికి వచ్చేసరికి గొంతు మారిపోయేది. "ఈయన గూడ మన లెక్కనే మొదలైండు, తెల్సా" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు అన్నం కలిపే చేయి ఆగిపోయేది. తనూ ఒకనాటికి ఆ వరుసలో నిలబడాలన్నది ఆయన కోరిక. ఆయనకు అంతకుమించిన కోరిక మరొకటి ఉండగా నేను చూడలేదు.

ఆయన తండ్రి, అంటే మా మామ, కరీంనగర్ వైపునుంచి వచ్చి భివండీలోనే కనేరిలో ఒక శేట్ కార్ఖానాలో మగ్గాలు నడిపేవాడు. ఊళ్ళో సెంటు భూమి లేదు. మా ఆయన కూడా పన్నెండో తరగతి అయ్యాక కొన్నేళ్ళు అక్కడే మగ్గాల మధ్య నిలబడ్డాడు. తలలోకి, కనుబొమల్లోకి దూది నుసి ఎక్కి, పడుచువాడు కాస్తా ముసలివాడిలా కనిపించే రోజుల్లో పోలీసు భర్తీ పడింది. పరుగెత్తి పాసయ్యాడు. నేను పెళ్ళయి వచ్చి, మేముండే కామత్‌ఘర్‌లో తెలుగు బడిలో పంతులమ్మగా చేరాను. గల్లీ మొత్తానికి ఆయన పోలీసన్న, నేను టీచరమ్మ.

ఆయనతోపాటే భర్తీ అయిన మరాఠీ అతను ఒకడు ఉండేవాడు. బీడ్ వైపు చెరుకు కొట్టే కూలీల కొడుకు. పెళ్ళి కాలేదు, వండిపెట్టే దిక్కు లేదు. సగం రోజులు మా ఖోలీలోనే తిండి. నన్ను వహినీ అనేవాడు, వాళ్ళ భాషలో వదిన అని. ఆ ఇద్దరూ కలిసే డిపార్ట్‌మెంట్ పరీక్షకు చదివారు. ఖోలీ అంటే ఉన్నది ఒక్కటే గది. ఇటు నేను రొట్టెలు కాలుస్తుంటే అటు గోడకు ఆనుకుని ఒకరు సెక్షన్ నంబరు అడగడం, ఇంకొకరు శిక్ష చెప్పడం. వినీ వినీ ఏ నేరానికి ఎంత జైలో నాకూ నోటికొచ్చేసింది. "వహినీ పరీక్ష రాస్తే మనిద్దరం ఆమెకు సెల్యూట్ కొట్టాలి" అనేవాడు అతను. ఆ పిల్లవాడి మీద నాకు ఏ కోపమూ లేదు, ఇప్పటికీ.

ఇద్దరూ పాసయ్యారు. మా ఆయన పేరు అతని పేరు కంటే పైన ఉంది. సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఇద్దరికీ రాష్ట్రానికి ఆ చివర, నక్సలైట్లున్న అడవుల జిల్లాలో పోస్టింగ్ పడింది. పోలీసులో అది మామూలే, కొత్త సబ్ ఇన్‌స్పెక్టర్లను చాలామందిని ముందు అక్కడికే పంపుతారు. నాకు భయం వేయలేదు. చెట్లు ఉంటాయి, క్వార్టర్ ఇస్తారు, రాత్రింబవళ్ళు మగ్గాల టకటక ఉండదు అనుకున్నాను. బడిలో చెప్పేశాను. గల్లీలో పేడాలు పంచాను. పేడాలు తిన్నవాళ్ళే ఆ ఆదివారం మా ఇంటికి వచ్చారు.

వాళ్ళు రావడానికి కారణం ఉంది. ఆ వారంలోనే మన తెలుగు కూలీ ఒకతన్ని దొంగతనం అని పట్టుకెళ్ళారు. కార్ఖానాలో గుడ్డ తానులు పోయాయి. అతనికి మరాఠీ రాదు, హిందీ అంతంతమాత్రం. తీసుకుపోయేవాళ్ళను చూశాను, నేను తీయలేదు అని అతను తెలుగులో మొత్తుకుంటే, రాసేవాడికి అర్థమైనంతవరకు రాసుకున్నాడు. ఆ రాతలో అతనే దొంగ. అడుగున వేలిముద్ర పడబోయే సమయానికి మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు. చదివి, అతన్ని మళ్ళీ అడిగి, మాటకు మాట మరాఠీలో చెప్పి రాయించాడు. రెండో రోజుకు కూలీ ఇంటికి వచ్చాడు. అలాంటివి అంతకుముందూ చేశాడు. మగ్గం దగ్గరే కూలిపోయి చనిపోయిన మనిషి శవాన్ని ఆస్పత్రినుంచి ఇప్పించడం, తాగి కొట్టుకున్నవాళ్ళను విడిపించడం. ఠాణాలో తెలుగు తెలిసిన నోరు అదొక్కటే.

నూలు వ్యాపారం చేసే పెద్దాయన ముందు కూర్చున్నాడు. గల్లీలో సగం పెళ్ళిళ్ళు ఆయన కుదిర్చినవే. ఆయన వెనక కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు. గదిలో చోటు చాలక గడప బయట కూడా నిలబడ్డారు.

"నువ్వు పోతె మా మాట ఠాణల ఎవలు చెప్తరు తమ్మీ?" అన్నాడు పెద్దాయన. "నీకు నౌకరి పెద్దగైతది, సంతోషమే. మేమెట్ల బతకాలె?"

మొగుడి శవాన్ని ఇప్పించుకున్న ఆవిడ వచ్చి మా ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన కంగారుపడి లేపబోతుంటే ఇంకా గట్టిగా పట్టుకుంది. స్టవ్ దగ్గర నిలబడి చూస్తున్నాను. నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా నేనే అన్నాను.

"మరి ఈయన బతుకు సంగతేంది పెద్దయ్యా?"

"రెండేండ్లు ఆగుతె మళ్ళ రాదా టీచరమ్మా? సర్కారు నౌకరి యాడికి పోతది?" అన్నాడాయన. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే మళ్ళీ వస్తుందనుకున్నాడు. కార్ఖానాలో ఈ దీపావళికి పెరగని కూలి వచ్చే దీపావళికి పెరిగినట్టు, పోలీసు ప్రమోషన్ కూడా అలాంటిదే అనుకున్నారు వాళ్ళంతా.

మా ఆయన ప్రమోషన్ వద్దని రాసిచ్చాడు. నేను చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం బాగా మాట్లాడాయి. చివరికి ఒకరోజు ఆయనే, "వాళ్ళకు మనం గాకుంటె ఎవలున్నరు, నువ్వే చెప్పు" అన్నాడు. "నాకెవరున్నరు?" అన్నాను. ఆయన టోపీ తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ అడగలేదు.

ఆయన దోస్తు ఒక్కడే అడవుల జిల్లాకు వెళ్ళాడు. ఒకసారి వద్దన్నవాడి పేరు మళ్ళీ పైకి రావడం అంత తేలిక కాదు. పద్ధతులు మారాయి, పరీక్షకు వయసు దాటింది. మా ఆయన హవల్దార్ అయ్యాడు, చాలా ఏళ్ళకు ఏఎస్ఐ అయ్యాడు. భుజం మీద ఒక్క నక్షత్రం వచ్చింది. ఈలోగా దోస్తు ఎక్కిన ప్రతి మెట్టూ మా ఇంట్లో అన్నం ముందు వినబడేది. అడవిలో వాన కురుస్తుంటే చెట్టుకింద కూర్చుని పోలీసు చౌకీ కాపాడాడట. పుణెలో క్రైమ్ బ్రాంచిలోకి తీసుకున్నారట. ఇన్‌స్పెక్టర్ అయ్యాడట. ఫలానా పెద్ద కేసు పట్టినందుకు మెడల్ ఇచ్చారట. చెప్పేటప్పుడు మా ఆయన మొహం చూస్తే ఆ మెడల్ ఈయనకే ఇచ్చారనుకోవాలి. నేను లేచి కంచాలు తీసేదాన్ని. ఆ పేరుకు పైన ఉన్న పేరు నాకెప్పుడూ కళ్ళముందే ఉండేది.

ఇంతలో గల్లీ మారిపోయింది. కూలీల పిల్లలు మరాఠీ, హిందీ బళ్ళలో చదివారు. నా తెలుగు బడిలో బెంచీలు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు ఠాణాకు పోవాల్సివస్తే పిల్లలే వెళ్తారు, సాహెబ్‌తో మా ఆయనకంటే చక్కటి మరాఠీలో మాట్లాడి వస్తారు. మంచిదే. అంతకంటే ఏం కావాలి? కానీ ఎవరికోసం ఆగిపోయాడో వాళ్ళకు ఆయన పని లేకుండా పోయింది. పోలీసన్న అన్న పిలుపు పోయి, ఎదురుపడితే "నమస్తే అంకుల్" మిగిలింది.

కిందటి వానాకాలంలో ఆయన దోస్తు ఏసీపీ అయి మా ఊరికే వచ్చాడు. మా వైపు స్టేషన్లన్నీ అతని కిందే. ఆ రోజు మా ఆయన ఇంట్లోకి వచ్చిన తీరు నాకు గుర్తుంది. తలుపు దగ్గరే నిలబడి, "మనోడు వచ్చిండు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

మా తెలుగు వ్యాపారుల సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. గణపతి పండుగకు ముందు, కొత్తగా వచ్చిన పెద్ద అధికారిని పిలిచి శాలువా కప్పుతారు, కొబ్బరికాయ ఇస్తారు, ఫోటో దిగుతారు. అంతకంటే ముందు ఎవరో ఒకరు లేచి ఆ అధికారి పరిచయం చెప్పాలి. ఎక్కడ పుట్టాడు, ఎలా పైకి వచ్చాడు అని. ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడు ఆ నూలు పెద్దాయన కొడుకే. ఆ పెద్దాయన మా ఇంటికి వచ్చిన రోజుల్లో వీడు పాలబుగ్గల పిల్లాడు. ఇప్పుడు రెండు దుకాణాలు. మా గుమ్మంలో బండి ఆపి, దిగకుండానే అడిగాడు.

"అంకుల్, ఏసీపీ సాబ్ మీకు పహచాన్ అట గదా? పరిచయం మీరే చెప్పుండ్రి. జర బఢియా చెప్పుండ్రి."

మా ఆయన పొంగిపోయాడు. నేను పొయ్యి దగ్గరినుంచి వచ్చి ఏదో అనబోతే చేత్తో ఆగమన్నాడు. అప్పటినుంచి సభ రోజు వరకూ ఇంట్లో అదే పాఠం. గడ్డం గీసుకుంటూ చెప్పుకునేవాడు, స్నానం చేస్తూ చెప్పుకునేవాడు. నన్ను కూర్చోబెట్టి వినిపించేవాడు. అడవుల జిల్లా తర్వాత పుణెనా, నాసిక్‌నా అని తనే ఆగి, తనే సరిదిద్దుకునేవాడు. "నువ్వు టీచర్‌వు గద, యాడన్న తప్పుంటె చెప్పు" అనేవాడు. తప్పేమీ లేదు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. నేను తల ఊపి పొయ్యి దగ్గరికి వెళ్ళి ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చునేదాన్ని. ఉల్లిగడ్డలుంటే కళ్ళు తుడుచుకున్నా ఎవరూ అడగరు.

సభ ధామన్కర్ నాకా దగ్గర ఒక హాల్లో పెట్టారు. ఆడవాళ్ళకు ఒకవైపు కుర్చీలు వేశారు. ముందు వరుసలో కర్ర పట్టుకుని ఆ పెద్దాయన. మా ఆయన ఇస్త్రీ చేసిన యూనిఫామ్‌లో మైకు దగ్గరికి వెళ్ళాడు. ముందు తెలుగులో, తర్వాత మరాఠీలో చెప్పాడు. చెరుకు తోటల్లో పుట్టిన పిల్లవాడు, కానిస్టేబుల్‌గా చేరడం, పరీక్ష పాసవడం, అడవి, పుణె, మెడల్, ఈ కుర్చీ. ఒక్కచోట కూడా తడబడలేదు. పరీక్ష దగ్గర కూడా ఆగలేదు. హాలంతా చప్పట్లు. నేను కూడా కొట్టాను. ఇలాంటి పరిచయాలు చాలానే విన్నాను, అంత ప్రేమగా తోడబుట్టినవాడు కూడా చెప్పడు.

తర్వాత అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"ఈ ఊర్ల మనం ఇన్ని ఏండ్ల సంది ఉన్నం. మన తెలుగోళ్ళల్ల ఇంత పెద్ద ఆఫీసర్ ఒక్కడన్న అయిండా? కాలే. ఎందుకు కాలే? మనకు హిమ్మత్ లేదు భాయ్. గల్లీ ఇడ్సిపెట్టి పోదామంటె మనకు భయం. సాబ్‌ను చూసి మన పోరగాండ్లు నేర్చుకోవాలె."

నా ఒళ్ళు మండిపోయింది. కుర్చీలోంచి లేచాను. లేచేసరికి మైకు పక్కన నిలబడ్డ మా ఆయన నావైపే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల ఊపాడు. ఊపి, అందరికంటే ముందు తనే చప్పట్లు కొట్టాడు. ముందు వరుసలో పెద్దాయన గడ్డం కర్రకు ఆనించి నేల చూస్తున్నాడు. ఆయనకు గుర్తుందో, వయసు మీద పడి మరిచాడో నాకు తెలియదు. పక్కావిడ నా చీర కొంగు లాగి కూర్చోబెట్టింది.

ఏసీపీ లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. మధ్యలో మా ఆయనవైపు చూసి ఆగాడు. అసలు సంగతి ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. కుర్చీ అంచుకు జరిగాను. గ్లాసెడు నీళ్ళు తాగి, పండుగ ప్రశాంతంగా జరుపుకోండి అని ముగించాడు.

సభ అయ్యాక కారు దగ్గర నన్ను చూసి తనే వచ్చాడు. నేను నమస్కారం కూడా పెట్టలేదు.

"కోపం వచ్చిందా వహినీ?" అన్నాడు మరాఠీలో. "నిన్న నా ఆఫీసుకు వచ్చి మాట తీసుకున్నాడు. పరీక్షలో తన పేరు పైన ఉందని గాని, ఎందుకు ఆగాడని గాని ఒక్క ముక్క చెప్పొద్దన్నాడు. ఆ ముసలాయన ముందు కూర్చుంటాడు, కొడుకు ముందర తల దించుకోవాల్సొస్తుంది, వద్దు అన్నాడు. నేనేం చేయను?"

అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కారు వెళ్ళిపోయింది. షేర్ ఆటోలో మా ఆయన పక్కన కూర్చున్నాక అడిగాను, బాధ లేదా అని.

"బాధెందుకే? మా ఇద్దర్ల ఎవలో ఒకలు ఎక్కిన్రు గద" అన్నాడు. నవ్వాడు కూడా. కామత్‌ఘర్ వచ్చేదాకా తను చెప్పిన పరిచయం ఎలా ఉందో నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆ రోజు నమ్మాను, ఈయనకు నిజంగానే బాధ లేదని. ఇన్నేళ్ళూ మోసిన కోపమంతా నా ఒక్కదానిదేనని. అలా అనుకుంటే కొంత తేలికైంది కూడా.

ఈ ఎండాకాలం ఆయన రిటైర్ అయ్యాడు. పోలీసులో పెద్ద అధికారి రిటైరైతే జీపుకు పూలదండలు కట్టి, ఆయన్ని అందులో కూర్చోబెట్టి, కింది సిబ్బంది తాళ్ళతో లాగి గేటు దాటిస్తారు. అలాంటి జీపులను మా ఆయన ఎన్ని లాగాడో. ఏఎస్ఐకి అది ఉండదు. స్టేషన్ ముందు షామియానా, కొన్ని కుర్చీలు, శాలువా, కొబ్బరికాయ, టీ. దోస్తు ఎన్నికల బందోబస్తు మీద వేరే జిల్లాలో ఉన్నాడు, పొద్దున ఫోన్ చేసి ఏడ్చాడు. గల్లీనుంచి ఎవరూ రాలేదు. పనిరోజు కదా, ఎవరి పని వారిది.

స్టేషన్ ఇన్‌స్పెక్టర్ వయసులో చిన్నవాడు, పైనుంచి దిగినవాడు, మా ఊరికి వచ్చి నిండా నెల కాలేదు. మంచివాడే. మా ఆయనకు వంగి నమస్కారం పెట్టి, నిలబడి పరిచయం చెప్పాడు. కానిస్టేబుల్‌గా చేరారు. ఏఎస్ఐగా రిటైర్ అవుతున్నారు. సర్వీసులో ఒక్క శిక్ష కూడా లేదు. మిగిలిన జీవితం ఆరోగ్యంగా గడపాలని కోరుకుంటున్నాను.

మా ఆయన కుర్చీలో ముందుకు వంగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వింటున్నాడు. ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. ఈయన ఇంకా అలాగే వంగి ఉన్నాడు. ఇంకా ఏదో ఉందనుకుంటున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. శాలువా పట్టుకుని నిలబడ్డ హవల్దార్ "సాహెబ్" అని భుజం తడితే లేచాడు.

ఇంటికి నడిచే వెళ్దామన్నాడు. శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు, కొబ్బరికాయ నేను పట్టుకున్నాను. మా గల్లీ మలుపు దగ్గర, రెండువైపులా కార్ఖానాలు ఉన్నచోట ఆగాడు. మగ్గాల మోతలో ఆయన ఏమన్నాడో వినబడక దగ్గరికి జరిగాను.

"గంతేనా?" అన్నాడు.

"ఏంది?"

"నా ముచ్చట. గంతేనా?"

వీధిలో ఎన్నడూ అలా చేయనిదాన్ని, ఆయన చేయి పట్టుకున్నాను. "గంతే కాదు" అన్నాను.

"మరి చెప్పు" అన్నాడు. అడిగి, అక్కడే నిలబడ్డాడు, నా మొహం చూస్తూ. ఎప్పటినుంచో నా గుండెలో ఉన్నదే, ఆ గల్లీలో నిలబడి అరిచి చెప్పాలనుకున్నదే. చెప్పడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.